హోల్డాన్

కావలి పాతూరులో
ఏడింటికల్లా చెప్పులు గుమ్మం బయట విడిచి
మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటే
డ్యూటీ ఎక్కినట్టు.

పుస్తకంలో మొదటి గీత:
రాత్రి బ్యాగులో ఎంత నిండింది, రంగేంది.
పచ్చగా ఉంటే రాయి, ఎర్రగా ఉంటే ఫోన్ చెయ్యి,
నీ అంతట నువ్వేమీ అనుకోబాక
అని ట్రైనింగులో మేడమ్ చెప్పింది.
సూది నా పని కాదు.
మాత్ర పెంచడం, తగ్గించడం నా పని కాదు.
దుప్పటి ముడత నా పని.
ముడత మీద మనిషి రెండు గంటలు పడుకుంటే
అది వీపు మీదికి ఎక్కుద్ది,
ఆ తర్వాత ఏ ఇస్త్రీకీ పోదు.

మాలకొండయ్య గారు కండక్టర్ చేశాడు.
జలదంకి, కలిగిరి, వింజమూరు, ఉదయగిరి,
ఇరవయ్యారేళ్లు నిలబడే తిరిగాడంట.
ఇప్పుడు మంచం. కుడి పక్కంతా పడిపోయింది.
మాటలన్నీ ఏ స్టాపులో దిగిపోయినయ్యో గానీ
రెండే మిగిలినయ్ నోట్లో:
రైట్. హోల్డాన్.

ఆకలికీ రైట్. ఈగకీ రైట్.
ఎడమ పక్కకి తిప్పుతున్నా రైటే.
వెంగమ్మత్త నవ్వుద్ది,
"ఆయనకి దారి తెలుసులేమ్మే, నువ్వు తిప్పు."

చొక్కా తొడిగేప్పుడు పడిపోయిన చెయ్యి ముందు,
విప్పేప్పుడు బాగున్న చెయ్యి ముందు.
ఇది నాకు పట్టుబడేదానికి మూడు రోజులైంది.
మా అమ్మకి చెబితే
"అన్నం కాడా అంతే గదా,
బలం లేనోళ్లకి ముందు పెట్టాల" అనింది.

నీళ్ల వేడి మోచేత్తో చూస్తా.
నా వేళ్లు పొగాకు గ్రేడింగులో మొద్దుబారినయ్,
వాటి మాట నమ్మేదానికి లేదు.

పక్కింటామె కిటికీలోంచి అడుగుద్ది,
మగమనిషికి అన్నీ చేస్తావే, నీకేమీ అనిపియ్యదా?
అనిపిస్తది. నడుము నొప్పి అనిపిస్తది.
తలుపేసి, టవల్ కప్పి,
"సార్, కడగతన్నా" అని చెప్పి కడుగుతా.
చెప్పకుండా ముట్టుకుంటే
మనిషి సామానైపోతాడు.

సాయంత్రం రాగిజావ. ఉదయగిరి కొయ్య స్పూను.
స్టీలుది పంటికి తగిలితే ఉలిక్కిపడతాడు.
తల ఎత్తిపెట్టి, గడ్డం కాస్త దించి, ఎడమ దవడకి
ఒక స్పూను. మింగిందాకా ఆగాల.
ఒకరోజు నాకు బస్సు తొందర,
రెండో స్పూను ముందే పెట్టబోయాను.
హోల్డాన్
అన్నాడు.
నిండు బస్సుని ఆపిన గొంతది.
నా చెయ్యి గాల్లోనే నిలబడిపోయింది.
జావ ఇంకా దిగలా.
ఆరింటి బస్సు పోయింది, పోనీ.
పుస్తకంలో రాశాను: తొందర చేశాను, తప్పు నాది.
సంతకం, కెజియ.

ఇంకొక తప్పు కూడా ఉంది.
ఎడమ చేతి బొటనవేలు
చూపుడువేలి మీద గీస్తా ఉంటాడు, గీస్తానే ఉంటాడు.
"చెయ్యి వణుకుతోంది" అని రాశాను.
నర్సమ్మ వచ్చి జ్వరం చూసి పోయింది.
వెంగమ్మత్త బియ్యంలో రాళ్లేరుకుంటా
తలెత్తకుండా చెప్పింది:
"వణుకు కాదమ్మే,
టికెట్లు చించతా ఉండాడు."

ఆ లైను కొట్టేశాను.
అరచెయ్యి చాపి, కలిగిరి ఒకటి, అన్నాను.
చించాడు. పెట్టాడు.
చిల్లరకి నడుము కాడ సంచీ వెతికాడు,
నేనేసిన డైపరు పట్టీ తగిలింది.
చెయ్యి అక్కడే ఆగింది.
"రేపు తీసుకుంటాలే సార్" అన్నాను,
ఇంకేం అనాలో ట్రైనింగులో చెప్పలా.

రాత్రి డ్యూటీకొచ్చే ఓబులేసూ,
ఎడమ మడమ ఎర్రగా ఉంది, పిక్కల కింద దిండు పెట్టు,
మడమ పరుపుకి ఆనకూడదు.
బ్యాగు మంచం కంటే కిందే ఉండాల.
పదింటికీ పన్నెండుకీ తిప్పు, రైట్ అనిందాకా చూడబాక.
నిద్రపట్టక ఆయన వేలు గీస్తా ఉంటే
దగ్గరికి పోయి ఏదో ఒక ఊరు చెప్పి టికెట్ తీసుకో.
ఊరికే ఎక్కబాక.