నాలుగో పళ్లచక్రం

సీతారాంపురం రోడ్డు మెట్ట కాడికి రాగానే
కాలి కింద కటక్ మంటాది.
పెడలు జారి అరచుట్టు ఖాళీగా తిరిగి
మోకాలు పోయి హ్యాండిలుకు కొట్టుకుంటాది.
వెనక గోతంలో రెండొందల చెక్క స్పూన్లు, ఫోర్కులు
గలగలా నవ్వతాయి.

చదునులో ఏ గొడవా లేదు.
ఎక్కుడులోనే. బరువు పెట్టినప్పుడే.
మా ఆడబిడ్డ కూడా అంతే,
పని లేనప్పుడు బో మంచిది.

ఉదయగిరి బస్టాండు ఎదురుగా మాలకొండయ్య
సైకిలుని తలకిందులు చేసి నిలబెట్టాడు.
"గొలుసు మొన్ననే గదా మార్చింది, ఖాదర్‌బీ?"
"మార్చినప్పటి నుంచే" అన్నాను.
వినలా. వినే మనిషైతే మెకానిక్కు ఎందుకవుతాడు.

ముందు తీగ బిగువు చూశాడు.
హ్యాండిలు కాడ బొడిపె పావు చుట్టు తిప్పి,
పెడలు తిప్పి, పుచ్చకాయ కొనేవాడిలా చెవి పెట్టి,
ఇంకో పావు చుట్టు.
వెనక గేరు చెయ్యికి రెండు బుడ్డ స్క్రూలు,
ఒకటి గొలుసు పుల్లల్లోకి దూకకుండా,
ఒకటి ఫ్రేము మీదికి పడకుండా.
అవి సరిగ్గానే ఉన్నాయి.
గేరు వేలాడే రేకు వంగిందేమోనని
ఒంటికన్ను మూసి దూరం నించి చూశాడు.
తిన్నగానే ఉంది.
బిగుసుకుపోయిన లింకేదన్నా ఉందా అని
గొలుసుని వెనక్కి తిప్పుతూ
నూటపన్నెండు లింకులూ లెక్కపెట్టాడు.
రెండు టీలు అయిపోయినాయి. రెండూ నా లెక్కలోనే.

నాకు సైకిలు తెలీదు. పళ్లు తెలుసు.
ఇరవై ఆరేళ్లుగా నర్ది కొయ్యలో
ఫోర్కుకి నాలుగేసి పళ్లు తీస్తన్నా.
కరెంటు లేకపోయినా తడిమి చెప్తా,
ఏ పన్ను పక్కకి ఒరిగిందో, ఏది రేపు విరగబోతుందో.

"కొంచెం జరుగబ్బా" అని
చూపుడు వేలు ఆ నల్లటి గ్రీజులో పెట్టా.
ఏడు చక్రాలు, పెద్దదాన్నించి చిన్నదాకా.
మొదటి దానికి పన్ను పన్నుకీ భుజాలున్నాయి.
రెండోది అట్టానే. మూడోదీ.
నాలుగో దాని మీద వేలు ఆగింది.
పళ్లన్నీ ఒక పక్కకే అరిగి
కొసలు పిల్లిగోళ్ల మాదిరి వంగినాయి,
నడిమి గుంటలు సాగి వెడల్పయినాయి.
అయిదు, ఆరు, ఏడు, షాపులోంచి ఇప్పుడే వచ్చినట్టు.

మాలకొండయ్య మొహం చిన్నబోయింది, తర్వాత వెలిగింది.
"పాత గొలుసు సాగీ సాగీ ఈ గుంటలకు అలవాటుపడింది.
రెండూ కలిసి అరిగినాయి గాబట్టి గుట్టు బయటపడలా.
కొత్త గొలుసు కొలత ప్రకారం వస్తాది.
ఈ చక్రానికి ఆ కొలత ఏనాడో పోయింది."

ఆపైన అడిగాడు,
"మిగతా గేర్లు ఎప్పుడూ వెయ్యలా?"

ఏం చెప్పేది.
ఆత్మకూరులో నాలుగువేల రెండొందలకు కొన్న రోజు
అమ్మినబ్బాయి ఆ గేర్లో పెట్టి ఇచ్చాడు.
మీట తాకితే గొలుసు ఊడుద్దేమోనని
రెండేళ్లు దానికి గుడ్డ చుట్టి పెట్టుకున్నా.
మెట్టకీ అదే, పల్లానికీ అదే,
ఎదురుగాలికీ అదే.
నవ్వుతాడేమో అనుకున్నా. నవ్వలా.
"మా నాయన ఒక్క స్పానరుతోనే బతికాడు" అన్నాడు.

కొత్త చక్రాల గుత్తి నెల్లూరు నుంచి రావాలంట,
శుక్రవారం బస్సులో, పార్సిలు చార్జీ వేరే.
అందాకా నాలుగో దాని జోలికి పోవద్దన్నాడు.

పొద్దున మెట్ట కింద గుడ్డ విప్పేశా.
మీట నొక్కితే గొలుసు కాసేపు గొణిగి
పక్కనున్న పెద్ద చక్రం ఎక్కింది.
కాళ్లు ఊరికే గిరగిరా తిరుగుతున్నాయి,
సైకిలేమో పెళ్లినడక నడుస్తాంది.
కొండ మీద కోట గోడ ఎంతసేపటికీ అక్కడే ఉంది.
పాలవాడు దాటిపోతా ఏదో అన్నాడు.
కటక్ కోసం మోకాలు బిగపట్టుకునే ఉన్నా,
మెట్ట పైదాకా.
రాలా.

దిగాల్సొచ్చింది మాత్రం.
గోతం మూతి ఊడి ఒక ఫోర్కు రోడ్డు మీద పడింది.
వెనక్కి పోయి, తీసి, తడిమి చూశా.
నాలుగు పళ్లూ ఉన్నాయి.