ఎనభై రోజుల ఊలు

వాల్దీవియాలో వాన వారంగా తెరిపివ్వలేదు.
సీసపు డబ్బాలో మాత్ర
గుక్కెడు నీళ్లతో మింగేసింది ఒతీలియా.
అప్పటికే నేను గుమ్మం అవతల
బారెడు దూరంలో, మీటరు పట్టుకుని.

ఫోనుకి ప్లాస్టిక్ తొడుగు, తలుపు పిడికీ తొడుగు.
ఫ్లష్ రెండుసార్లు నొక్కాలన్నాను.
లోపలికొచ్చిన వస్తువు బయటికి రాదన్నాను.
తలూపింది,
ఊలుండ దుప్పటి కింద దాచి.

మూడు రాత్రుల్లో రెండు మేజోళ్లు.
ఇంటి దగ్గర మనవడికి మూడు వారాలు.

మీటరు ఆమె దగ్గర హద్దులోకి దిగింది,
మేజోళ్ల మీద చిటపటలాడింది.
ఆమెను పంపాను. వాటిని ఆపాను.
"పిల్లాణ్ణి ఎత్తుకోవద్దన్నావు, సరే.
ఇవి కూడానా?"
సంచి మీద తేదీ రాస్తూ
తలెత్తలేదు నేను.

ఎనిమిది రోజులకి సగం,
మరో ఎనిమిదికి ఆ సగంలో సగం.
సీసపు బీరువాకి తొందరేం తెలుసు?

ఎనభయ్యో రోజున
మీటరు ఖాళీ గదిలో పలికినట్టే పలికింది.
ఒతీలియా చంకలో పిల్లాడు,
వేళ్లు దూరాయి, మడమ దూరలేదు.

కాసేపు చూసింది.
ముడి వెతికి, కొస లాగి
నా బల్ల మీదే విప్పడం మొదలెట్టింది.
"ఇది పట్టుకో, పెద్దవి అల్లాలి."

చేతొడుగు లేకుండా
పట్టుకున్నాను.