టేపుకి రెండు వైపులు

సైదాపేట బజారు వీధిలో
మా జిరాక్సు కొట్టుకీ ఆయన కుట్టుమిషనుకీ మధ్య
ఒక్క తడిక.
దేవరాజులు కొత్త ఫోను పట్టుకొచ్చి
డెలివరీ ఇవ్వాల్సిన జాకెట్టులా
మడత నలగకుండా కౌంటరు మీద పెట్టాడు.
"ఏందో అడగతా ఉంది నైనా,
నువ్వే చెప్పు దానికి."

అడిగింది చిన్న ప్రశ్నే.
మెట్రిక్కా, ఇంపీరియలా.
రెండు సున్నాలు. ఒకటే నింపాలి.

మొదటిది మీటరు, అన్నాను.
నవ్వాడు.
ఈ ఊళ్ళో మీటరంటే
ఆటోకి బిగించి ఉండేది, ఎవరూ వేయనిది.
రెండోది తెల్లవాళ్ళ కొలత, అన్నాను,
అంగుళం, అడుగు, మైలు.
"అంగుళం తెల్లోడిదెట్లా అయింది?
నా బొటనవేలు కదా అది."

ఆయన రోజంతా అటూ ఇటూ దాటుతూనే ఉంటాడు.
గుడ్డ మీటర్లలో చించుకొస్తాడు, అంగుళాల్లో కత్తిరిస్తాడు.
ధనకోటమ్మ మల్లెపూలు మూర వేస్తుంటే
ఆమె మోచేతి పొడుగు మీద బేరం పెడతాడు.
తాంబరం అవతల అరగ్రౌండుకి వాయిదాలు కడుతున్నాడు.
తాకట్టులో ఉన్న భార్య గాజులు
ఇంట్లో నాలుగు సవరన్లు, రసీదులో ముప్పై రెండు గ్రాములు.
ముప్పై ఎనిమిదంటే ఊరు ఉడుకుతోందని తెలుసు.
మొన్న రాత్రి
మనవడి చంకలో కొత్త థర్మామీటరు అదే ముప్పై ఎనిమిది చూపిస్తే
ఎంత జ్వరమో అర్థంకాక
నూట పాయింటు నాలుగు అని నేను చెప్పేదాకా
మా గుమ్మంలో చెప్పుల్లేకుండా నిలబడ్డాడు.

మెడలోంచి టేపు తీసి చూపించాడు.
అంగుళాల వైపు, ముప్పై రెండు నుంచి నలభై దాకా,
అంకెలు అరిగి పసుపురంగు పోయి
వేలిచెమట మిగిలింది.
తిప్పితే సెంటీమీటర్లు,
కొన్ననాడు ఉన్నట్టే.
ఇన్నేళ్ళూ ఆ వైపు
ఆయన మెడకి ఆనుకుని ఉంది, అంతే.

ఇంపీరియల్ నొక్కాను.
కరెంటు లేని మధ్యాహ్నం,
వరదకి నాని ఉబ్బిన నోటుపుస్తకం
ఆయన చదవడం, నేను ఎక్కించడం.
వకుళ టీచరు, ముప్పై ఆరు, చెయ్యి పది,
మెడ ఆమె చెప్పేది ఏడు, కుట్టేది ఆరున్నర.
ఎత్తిరాజులు కోడలు, ముప్పై నాలుగు,
"ఊపిరి బిగబట్టి నిలబడద్ది ఆ పిల్ల,
ఒక వేలు వదులు కలుపు."
ఫోనులో వేలికి గడి లేదు.

ఎక్కడ తగిలిందో నా చెయ్యి,
ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా సెంటీమీటర్లయిపోయారు.
ముప్పై నాలుగు కాస్తా
ఎనభై ఆరు పాయింటు మూడు ఆరు.
కళ్ళజోడు పైకెత్తి చూశాడు దేవరాజులు.
"ఈ మూడూ ఆరూ ఎవురిది?
నా కత్తెరకి అంత సన్నం తెలీదే."

వెనక్కి మార్చాను. ఇంకా పదిహేను పేజీలు.

ఒకచోట చదవడం ఆపాడు.
కాగితం నావైపు తిరిగే ఉంది.
ముప్పై ఆరు కొట్టేసి,
పక్కన పెన్సిలుతో, సగం తమిళం సగం తెలుగు:
ఎడమపక్క దూది. లోకుట్టు మెత్తగా.
అడగొద్దు. టేపు ఆమె చేతికే ఇవ్వు.

పేరు మీద ఆయన బొటనవేలుంది.
నేను పేరు అడగలేదు.
"ఇది ఎక్కించొద్దులే" అని
ఆ కాగితాన్ని దారం వెంట మెల్లగా చింపి
చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
తర్వాతి పేజీలో ఎవరిదో లంగా నడుం,
గట్టిగానే చదివాడు.

సాయంత్రం ఏదో అప్‌డేటు వచ్చినట్టుంది,
తడిక అవతల ఫోను టింగుమంది.
మళ్ళీ అదే అడుగుతోందేమో.
నన్ను పిలవలేదు.
సందులోంచి చూస్తే
నోట్లో గుండుసూదులు, చెవిమీద సుద్దముక్క,
ముందు నీలం రంగు పట్టుగుడ్డ పరిచి ఉంది.
కరెంటు వచ్చింది.
ఫ్యాను గాలికి గుడ్డ అంచు లేవబోతే
ఫోను బోర్లించి
దానిమీద బరువు పెట్టాడు.