వాసన అడిగే మనిషి

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు.
హోదెలీవ పెరట్లో విచ్ హేజెల్‌కి
ఆ పుట్టడానికే ఆరు చలికాలాలు పట్టింది.

గెంట్ ఊరి చివర, కాలువ గట్టున
ఆమెది ఇటుకల ఇల్లు, జానెడు పెరడు.
ముప్పై ఏళ్ళు ట్రామ్ నడిపిన చేతులు
గొయ్యి తీసి, కుళ్ళిన పైన్ ఆకులు కలిపి
మోకాలెత్తు మొక్కని నిలబెట్టాయి.
సున్నపు నీళ్ళు దీనికి పడవంటూ
కుళాయి మాని వాననీళ్ళే పోసేది.
వాన ఇక్కడ అడక్కుండానే వస్తుంది.

నర్సరీవాడు చెప్పాడట:
అంటు కింద నుంచి లేచే కొమ్మని నమ్మొద్దు,
అది వేరు సొంత బిడ్డ, నువ్వు కొన్నది కాదు.
చలి ముదిరినా ఎండుటాకులు వదలకపోతే
అదే దొంగ.
ఏటా ఆ దొంగని మొదలంటా పీకేది
టికెట్ లేనివాణ్ణి ట్రామ్ దింపినట్టు.

నాలుగో ఏడు జ్వరమొచ్చింది.
పోతూ పోతూ ఆమె ముక్కుని పట్టుకుపోయింది.
కాఫీ వట్టి వేడినీళ్ళయింది.
పొయ్యి మీద పాలు మాడితే
గోడ అవతలి నుంచి నేను కేకేసి చెప్పాలి.
ఇక ఈ మొక్క దేనికని నేననలేదు.
ఆమె కూడా అనలేదు.
పాదులో గడ్డి తీస్తూనే ఉంది.

ఈ జనవరిలో, ఒక్క ఆకైనా లేని కొమ్మ మీద
పసుపు పోగులు.
నిమ్మతొక్కని కత్తెరతో సన్నగా కోసి
ఎవరో గుచ్చి వెళ్ళినట్టు.
రాత్రి మంచు కరిస్తే రేకులు చుట్టుకుంటాయి,
పొద్దెక్కితే విప్పుకుంటాయి,
ఏమీ జరగనట్టు.

అప్పట్నుంచీ ఆమె గేటు దగ్గర కాపు కాస్తోంది.
దారినపోయేవాళ్ళని ఆపి
"కాస్త చూసి చెప్పండి, ఎలా ఉంది?"
పోస్ట్‌మన్ యోరిస్ నారింజ అన్నాడు.
మందుల షాపు లీస్‌బెత్
తేనె, అందులో ఒక్క మిరియపు గింజ, అంది.
ఎదురింటి ఎనిమిదేళ్ళ ఫీన్
కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి
"పెన్సిల్ చెక్కినప్పటి వాసన.
కానీ పసుపు పెన్సిల్."
ఆ మాటకి మాత్రం హోదెలీవ తలూపింది,
పాత స్టాపు పేరేదో విన్నట్టు.

నిన్న నన్నూ అడిగింది.
మాట దొరక్క, జలుబని తప్పించుకున్నాను.
ఆమె చిన్న రెమ్మ తుంచి
నా కోటు జేబులో వేసింది.
"తొందరేం లేదు" అంది.

అర్ధరాత్రి మంచినీళ్ళకని లేచాను.
కోటు తగిలించిన నడవాలో, చీకట్లో,
ఎవరో ఉన్నట్టుంది.
దీపం వెయ్యకుండా నిలబడ్డాను.

పొద్దున్నే వెళ్ళి ఏం చెప్పాలో
ఇంకా తెలీదు.