చిగురు మీద చిగురు

మైనపు దిమ్మెలో కత్తి గరుక్కుమంది.
రిబ్బను చిరిగింది.
మెత్తటి కండలో రాయెక్కడిదని
సీసా మీద చీటీ మళ్ళీ చదివాను:
దస్తగిరమ్మ, ముప్పై నాలుగు, యర్రగుంట్ల పక్క ఊరు,
పై చిగురు, కుడి కోరపంటికీ పక్క పంటికీ నడుమ.

మొన్న చూశాను ఆమెను
కడపలో మా డెంటల్ కాలేజీ వరండాలో, టోకెను పట్టుకొని.
కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడింది.
"నొప్పేం ల్యాదు మేడం.
సంగటి తినేటప్పుడు అడ్డం పడతాది.
పుల్లేసి తోమితే నెత్తురు.
మాయమ్మ అంటాది, చిగురుకు చిగురేసిందే అని.
కాన్సరేనా?"
నేను డాక్టర్ని కాదమ్మా, ల్యాబులో దాన్ని, అన్నాను.
ముందెప్పుడైనా వచ్చిందా అంటే
కొంగు సర్దుకుంది.

నాపరాయి పాలిష్ మిషను కాడ తొమ్మిదేళ్ళు.
కనుబొమల్లో ఇంకా బూడిదరంగు పొడి.

కేసు షీటులో ఇలా ఉంది:
శెనక్కాయ విత్తనమంత. లేత గులాబీ. నొక్కితే గట్టి.
సన్నటి తొడిమ.
రెండు పళ్ళనూ చెరో పక్కకు జరిపి
తన చోటు తను చేసుకుంది.
ఆ పళ్ళ మొదట్లో పసుపూ నలుపూ గార.

మా నాయన బేల్దారి.
గార అంటే గోడను వాన నుంచి కాచేదని
చాన్నాళ్ళు నాకదే అర్థం.
పంటి గార వేరు.
చిగురంచు కింద దూరి పగలూ రాత్రీ గిల్లుతుంది.
గిల్లించుకున్న కండ ఏం చేయగలదు?
పెరుగుతుంది.
దానికి వచ్చిన మాట అదొక్కటే.

ఆమ్లంలో రెండు రోజులు నానబెట్టాను.
మళ్ళీ మైనం, మళ్ళీ కత్తి.
ఈసారి ఉల్లిపొరలా వచ్చి
గోరువెచ్చటి నీళ్ళ మీద ముడత విప్పుకుంది.
నీలంలో ఒకసారి ముంచి, గులాబీలో ఒకసారి ముంచి
రజియా మేడం రాకముందే
మైక్రోస్కోపు కింద పెట్టుకున్నాను.

పైన పొలుసుల పొర, ఒకచోట పుండై తెగింది.
కింద కదురుల్లాంటి కణాలు,
మగ్గం మీద చిక్కుపడ్డ పోగుల్లా అటూ ఇటూ.
అక్కడక్కడా గుంపులుగా తెల్లకణాలు,
కాపలాకొచ్చి ఇల్లు మరిచినట్టు.
వాటి మధ్య ఎముక.
గులాబీ పలకలు.
ఒక్కో పలక అంచున వరుసగా కణాలు,
బండ ఎత్తడానికి చుట్టూ వంగిన కూలోళ్ళలాగ.
చాలాసేపు చూశాను.

పోయిన వారం ఏడో నెల గర్భిణి గడ్డ ఇట్లా లేదు.
అదంతా నెత్తుటి నాళాలే,
తాకితే చాలు కారేది.
అంతకుముందు ఒక పెద్దాయనది, నేరేడు రంగుది,
అందులో రాక్షసకణాలు,
ఒక్క చూరు కింద ఇరవై సంసారాల్లా
ఒక్కో కణంలో ఇరవై కేంద్రకాలు.
అన్నీ చిగుళ్ళే. అన్నిటికీ ఏదో ఒక గిల్లుడు.

మేడం వచ్చి చూసి చెప్పింది. నేను టైపు కొట్టాను.
ఎముక కట్టిన నారగడ్డ. కాన్సరు కాదు.
ఎముక మీది పొర దాకా గీకాలి. గార తీయాలి.
లేకుంటే మళ్ళీ వస్తుంది.

రిజిస్టర్లో ఎక్కిస్తుంటే
రెండేళ్ళ వెనక పేజీలో అదే పేరు.
అదే కుడి కోరపన్ను.
గార తీయడానికి నాలుగుసార్లు రమ్మన్నారట.
ఒక్కసారి వచ్చిందట.

రిపోర్టుకొచ్చిన రోజు, కాదమ్మా, అన్నాను.
కొంగు దించేసింది.
నవ్వితే పళ్ళ సందులో కుట్టు దారం నల్లగా.
"క్లీనింగుకు వస్తావా?"
"మిషను ఆపితే గదా మేడం."

ఆమె పోయాక పాత స్లైడు వెతికి
కొత్తదాని పక్కన పెట్టాను.
ఏది ఏదో చెప్పాలంటే
చీటీ చూడాలి.