రెండు తీగలు, నాలుగు దారులు

మలక్‌పేట బ్లడ్ బ్యాంకు, కింది అంతస్తు.
రాత్రి ఒకటిన్నర.
ఏసీ హోరులో బయటి వాన వినబడదు.
గౌస్ పాషా తడి చెప్పుల చప్పుడే మాకు వాన.

కొత్త డిస్కు ఒక్కటే ఇచ్చిన.
సర్వరు మాత్రం నాలుగంటది:
ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ.
నాలుగు దారుల్లోంచి నాలుగుసార్లు చూసి
నలుగురనుకుంది పిచ్చిది.
"మా ఖాలా కొడుకూ అంతే," అన్నడు గౌస్,
"బడిల ఇంతియాజ్, గల్లీల బబ్లూ,
రేషన్ కార్డుల ఇంకేందో.
తన్నులు తినేది ఒక్కడే."

పుట్టుమచ్చ లాంటి అంకె ఒకటుంది, బారెడు పొడుగు.
నాలుగింటికీ అదే.
తెర మీద వేలు పెట్టి రెండుసార్లు చదివిన.
పేరు నువ్వు పెట్టకుంటే ఎంపాత్-ఏ అని
అదే పెట్టుకుంటది.
నేను నెత్తురు అని పెట్టిన.

ఫైల్ల అన్నీ మీసాల బ్రాకెట్లు.
ఒక్కటి మూయడం మరిస్తే తెల్లారేదాకా తిట్లే.
సర్వరు సొంత డిస్కును బ్లాక్‌లిస్టుల ఏసిన.
ఇంట్ల ఉన్నోనికి దారెందుకు?

ఆఖరి లైను కాడ చెయ్యి ఆగింది.
అన్ని దారులూ తెగితే?
'ఫెయిల్' అంటే
రెప్ప కొట్టేలోపు చేతులెత్తేస్తది.
'క్యూ' అంటే
ఎదురుచూస్తనే ఉంటది, ఎంతకాలమైనా.
ఉన్నదనదు, లేదనదు.

పోయినేడు ఎవరో క్యూ అని రాసి పోయిండ్రు.
నలభై నిమిషాలు చక్రం తిరిగింది తెర మీద.
కిటికీ కాడ చీటి పట్టుకున్న మనిషికి
ఎవరో చాయ్ ఇచ్చిండ్రు.
మీగడ కట్టింది గాని, ఆయన తాగలే.

పన్నెండు అని రాసిన.
ఐదు సెకన్లకోసారి తలుపు కొట్టు,
పన్నెండుసార్లు. నిమిషం.
ఆ తర్వాత ఉన్నమాట చెప్పెయ్.

"లాగు," అన్న.
గౌస్ బిస్మిల్లా అనుకుంట ఒక తీగ లాగిండు.
రెండు దారులు పడ్డయి: ఫాల్టీ, ఫాల్టీ.
ఊపిరి పట్టుకుంటే ఫోన్ మోగింది.
ఎల్లేష్, పెట్టె తెచ్చే పిలగాడు:
"అక్కా, మూసీ పైకొచ్చింది,
మూసారంబాగ్ బ్రిడ్జి మూసిండ్రు.
గోల్నాక నుంచి తిరిగొస్తున్న.
పది నిమిషాలు ఎక్కువైతది, అంతే."

పైకి పోయి కౌంటర్ల అనసూయనడిగిన:
"ఏమన్న ఆగిందా?"
ఆమె తలెత్తలే.
"ఏంది ఆగేది?"
ఓ నెగెటివ్, రెండు యూనిట్లు, అని కొట్టుకుంటనే ఉంది.

గౌస్ తీగ మళ్లీ గుచ్చిండు.
నాలుగు దారులూ లేచి కూసున్నయి.

ఎల్లేష్ మోకాళ్లదాకా బురదతో వచ్చిండు.
పెట్టె మీద చెయ్యి పెట్టి చూసిన. సల్లగనే ఉంది.
సంతకం చేస్తుంటే డౌటొచ్చింది,
పాత ఫైలుకు నకలు తీసిన్నా, లేదా?
పెన్ను వాని చేతుల్నే పెట్టి
మెట్లు దిగుతున్న.