సందు

చింతపల్లి దాటినప్పటి నుంచీ
బానెట్ కింద ఎవరో పోకచెక్కలు కొరుకుతున్నరు.
టిక్కు టిక్కు టిక్కు.
గేరు మార్చినా ఆగదు,
ఎక్కిలేటర్ తొక్కితే ఇంకింత తొందర.
వెనక సీట్ల ముసలమ్మ అడిగింది:
"కోడిపెట్టనేమన్న ఎక్కిచ్చుకున్నవా బిడ్డా?"

ఇరిగేషన్ ఆఫీసు వేలంల కొన్న అంబాసిడర్ ఇది.
కాల్వ రాని ఊళ్ళకు పోయి
కాల్వ వస్తదని చెప్పీ చెప్పీ
మీటరు రెండుసార్లు సున్నాకొచ్చింది.

కొండమల్లేపల్లి అడ్డరోడ్డు మీద రేకుల షెడ్డు.
లచ్చీరాం మేస్త్రి.
మెడ తిరగదు ఆయనకు.
నలభై ఏండ్లు బోరునీళ్ళు తాగిన మెడ.
పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలె,
లారీ రివర్సు తీసినట్టు.

నన్ను చెప్పనియ్యలేదు.
పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి
పిడి చెవి కింది బొక్కకు ఆనించుకున్నడు.
కండ్లు మూసిండు.
"బేరింగు గాదు. పిస్టను గాదు.
ట్యాపెట్. సందు పెరిగింది."

మూత విప్పితే
రెండు నట్లు, ఎండి పెచ్చులైన కార్కు,
లోపల నల్లనూనెల ఎనిమిది రాకర్లు
పంచాయతీల కూసున్న పెద్దమనుషుల్లెక్క
ఒకరు లేస్తే ఒకరు వంగుకుంట.

నడిచే ఇంజన్లనే గేజు ఆకు
ఒక్కోదాని సందుల దూర్చిండు.
నాలుగోదాని కాడ చప్పుడు టక్కున ఆగింది.
ఆకు తీస్తే మళ్ళా మొదలు.
"దొరికిండు," అన్నడు.

చల్లారేదాకా చాయ్ తాగినం.
మనవరాలు మంగ్తి బడి నుంచొచ్చి
యూనిఫారం మీదనే హ్యాండిల్ పట్టింది.
"ఎనిమిది తెరిసింది తాతా."
"అయితే?"
"తొమ్మిదిల ఎనిమిది పోతే ఒకటి."
ఒకటోది సరిచేసిండు.
మూడు తెరిస్తే ఆరు. ఐదు తెరిస్తే నాలుగు.
ఏ జత కలిపినా తొమ్మిదే.
ఇది ఇంత లెక్కగలదని
నాలుగేండ్లు నడిపి కూడా నేనెరగ.

పదిహేను థౌ.
అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేసి
అండ్ల పదిహేను వదలాలెనట.
సబ్బు చేతి మీంచి గాజు జారినట్టు
పట్టీ పట్టకుండ జారాలె ఆకు.
వేళ్ళు మాత్రం ఆయన మెడ లెక్క కావు.

పూర్తిగ బిగిస్తే చప్పుడే ఉండదు గదా, అన్న.
ఆయన నవ్వలే.
"మోగే వాల్వు మాడదు.
మూగదే మాడుతది.
సందు లేకుంటే, వేడికి సాగిన ఇనుము
ఎటు పోవాలె?"
అని మెడ మీద చెయ్యేసుకున్నడు,
చెమట తుడుసుకునేటందుకే కావచ్చు.

మూత పెట్టి స్టార్ట్ చేస్తే
టిక్కు టిక్కు. నాలుగోదే.
గేజు పదిహేనంటది. చెవి కాదంటది.
ఆయన చెవి దిక్కే నిలబడ్డడు.

రాకర్లు దించాలంటే హెడ్డు నట్లు వదలాలె,
హెడ్డు నట్లు వదలాలంటే నీళ్ళు దించాలె.
రేడియేటర్ కింద మంగ్తి తట్ట పెట్టింది.
సున్నపుతేట లెక్క తెల్లగ వచ్చినయి.
ముగ్గురం చూసినం.
ఎవ్వరం ఏమనలే.

నాలుగో రాకర్ ముక్కు మీద గోరంత గుంట.
వాల్వు కొట్టీ కొట్టీ తొలుసుకున్న గూడు.
చదునైన ఆకు
ఆ గుంట మీద వంతెన లెక్క నిలబడి
అంతా మంచిగుందని రాసిచ్చింది,
ఒకప్పుడు ఈ బండ్ల తిరిగినోళ్ళ తీర్గనే.
"గేజు అబద్ధమాడదు," అన్నడు మేస్త్రి,
"గుంటల దిగదు. అంతే."

నూనెరాయి మీద గంటసేపు రుద్దిండు,
గుంట పోవాలె, వంపు పోవద్దు.
పది రుద్దులకొకసారి చూపుడువేలు,
మధ్యల ఒక బీడీ.
లైటు పట్టుకున్న నా చెయ్యి తిమ్మిరెక్కింది.

మళ్ళా బిగింపు. మళ్ళా తొమ్మిది లెక్క.
ఇప్పుడు పక్కింట్ల కుట్టుమిషను చప్పుడు,
సన్నగ.
పూర్తిగ పోలేదే అని అడగబోయి ఊకున్న.
ఐదొందలిస్తే రెండొందలు మర్లించిండు.

రేడియేటర్ల పొయ్యనీకి
మంగ్తి డబ్బా మోసుకొచ్చింది,
ఇంట్ల తాగే ఫిల్టర్ నీళ్ళు.
"దీనికెందుకే అవి?"
"దీనికన్న మంచియి పొయ్యనియ్ తాతా."

ఆయన మనిషంతా తిరిగి
ఆ పిల్లను చూసిండు.